మా మామకు మోకాళ్ల నొప్పులు లేవు

పోయిన వారం కొత్తగూడెంలో ఒక శిక్షణ తరగతికి వెళ్లి, భుజాన శాలువా కప్పించుకుని, నాది కాని గొప్ప ఒకటి నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చాను. అడవి పల్లెలు తిరిగి చలిజ్వరాలను కనిపెట్టే పనిలో కొత్తగా చేరిన పిల్లలకు ఆ తరగతి. ఆడపిల్లలే ఎక్కువ, అందరి మెడల్లో కార్డులు, అందరి చేతుల్లో ఫోన్లు. ఈ పనిలోనే జుట్టు నెరిసినవాణ్ణని నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. మా డాక్టరమ్మ, వయసులో మా పెద్దమ్మాయంత ఉంటుంది, మైకు అందుకుని నన్ను పరిచయం చేసింది. ఈ సారు తన కింద పనిచేసేవాళ్లను పని అయిందా అని ఏనాడూ అడగరని, సాయంత్రం ఎదురుగా కూర్చుని ‘ఇయ్యాల నీకు సమజ్ కానిదేంది’ అని, అర్థం కానిదాని గురించి మాత్రం అడిగి ఊరుకుంటారని, కొత్తలో ఊళ్లు తిరిగి వస్తే తననూ అట్లాగే అడిగేవారని, ఆ ప్రశ్నంటే తనకు వణుకని, ఇప్పుడు తానూ అదే అడుగుతున్నానని చెప్పింది. వెనక తెర మీద ఆ మాట పెద్ద అక్షరాలతో వెలిగింది, దాని కింద నా పేరు. పిల్లలు చప్పట్లు కొట్టారు. లేచి, అమ్మా, ఆ ప్రశ్న నాది కాదు, మా మామది అని చెప్పబోయాను. చెబితే మామ సంగతంతా చెప్పవలసి వస్తుందని తోచి, దండం పెట్టి కూర్చున్నాను.

మా ఇల్లు పాల్వంచలో. మధ్యాహ్నం బస్సు పాల్వంచ స్టాండులో ఆగినప్పుడు దిగవలసినవాణ్ణి దిగలేదు. కండక్టరు వచ్చి అనుమానంగా చూస్తే భద్రాచలానికి టికెట్టు కొట్టమన్నాను. ఊరు దాటి అడవి మొదలయ్యాక, ఇప్పపూలు రాలే రోజులు కాబట్టి, కిటికీలోంచి ఆ తియ్యని మత్తువాసన వచ్చి మొహాన కొట్టింది. ఆ వాసన తగిలితే నేను ఎక్కడున్నా ఇరవై ఏళ్లవాణ్ణి అయిపోతాను. కళ్లు మూతలు పడ్డాయి. ముందు ఒక నల్లగొడుగు పోతున్నట్టు, దాని వెనక నేను పరుగులాంటి నడకతో పోతున్నట్టు, ఎంత పోయినా ఆ గొడుగు నాకు అందనట్టు, మెలకువో నిద్రో తెలియని ఒక స్థితిలో కిన్నెరసాని దాటిపోయాను.

ఆ గొడుగు మా మామది. మా అమ్మకు తమ్ముడు. భద్రాచలంలో కిరాయి ఇంట్లో ఉండి, గోదావరి పొడుగునా లోపలి పల్లెలు తిరిగే మలేరియా వర్కరుగా పనిచేసేవాడు. నాకు ఇంటర్ తర్వాత చదువు సాగకపోతే, మధిర దగ్గరి మా ఊళ్లో పొలం గట్ల మీద తిరుగుతున్నవాణ్ణి పిలిపించుకుని, తన ఆఫీసులోనే తాత్కాలిక పనిలో పెట్టించి, తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. మనిషి పొడుగు, బక్కపలచన. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, సంచి భుజాన వేసి, నీళ్లలో కొంగ అడుగులేసినట్టు వాగులూ రాళ్లూ దాటుకుంటూ పోయేవాడు. సగం వయసున్న నేను ఎన్నడూ ఆయనను అందుకోలేదు. ఆ మోకాళ్ల సంగతి ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, మా బంధువుల్లో ఈనాటికీ ఒక మాట ఉంది. మామకు మోకాళ్ల నొప్పులొచ్చాయని, అందుకే అడవి తిరుగుడు తనకు తానే వదులుకుని ఆ జాగాలో మేనల్లుణ్ణి నిలబెట్టాడని. పెళ్లిళ్లలో, దినాల్లో ఈ మాట నా ముందే అంటారు. నేను తల ఊపుతుంటాను. ఆ మాట మొదట పుట్టింది నా నోట్లోనే.

ఆ కాలంలో ఆ దారులు తిరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వానలు మొదలైతే లోపలి పల్లెలకు బస్సు లేదు, జీపు లేదు, నడకే. గోడలకు కొట్టిన మందు వాసన నెలల తరబడి బట్టల్ని వదిలేది కాదు. చేదు గోలీలు పిల్లలు మింగినట్టే మింగి కప్పు గడ్డిలో దోపేసేవారు. మా పని చెప్పుకుంటే చిన్నది: ఊరూరా పోయి, జ్వరమున్నవాళ్ల వేలు గుచ్చి, గాజుపలక మీద రక్తపు చుక్క పూసి తెచ్చి, గోలీలు ఇచ్చి రావడం. కానీ జ్వరమున్నదెవరికో ముందు తెలియాలి కదా. అందుకు అడగాలి. అడగడంలో ఏముందనుకున్నాను నేను.

మొదటిసారి మామ నన్ను దుమ్ముగూడెం అవతలి ఒక గూడేనికి తీసుకుపోయి, ఆ వాడ నువ్వు చూసుకో, ఈ వాడ నేను చూసుకుంటానని పంచాడు. నేను ప్రతి గడప ముందూ నిలబడి, జ్వరం ఉందా అంటే లే అన్నారు, అందరూ మంచిగున్నరా అంటే అవ్ అన్నారు. వాడంతా జల్దీ ముగించి, చేతులు దులుపుకుని వచ్చి చూస్తే, మామ ఇంకా మొదటి ఇంటి ముందే ఉన్నాడు. నులక మంచం మీద కూర్చుని, ఆ ఇంటి ముసలామెతో ముచ్చట పెడుతున్నాడు. ఆమెను అక్కా అనేవాడు, ఆమె ఈయనను తమ్మీ అనేది. కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. చీపురుపుల్లలు ఏరుకుంటూ, తెలుగూ కోయమాటా కలిపి మాట్లాడే మనిషి. ఆ ముచ్చట ఎద్దుల మీదుగా, ఈసారి చిక్కుడు కాపు మీదుగా ఎటో తిరిగి తిరిగి ఒకచోటికి వచ్చాక, మామ నీళ్ల చెంబు పక్కన పెట్టి, చాలా మామూలుగా, “ఇయ్యాల ఎవరి పొయ్యి ముట్టలే అక్కా?” అన్నాడు. పెద్దమ్మ చీపురుపుల్ల ఎత్తి, నేను అప్పుడే అందరూ మంచిగున్నారని తేల్చి వచ్చిన వాడకేసి చూపించింది. ఆ ఇంట్లో వంట చేయవలసిన మనిషి గోనెసంచి కప్పుకుని గజగజ వణుకుతూ పడుకుని ఉంది. నాకు అవ్ అని చెప్పింది ఆమె మొగుడే.

నేను సిగ్గుపడవలసింది పోయి, అబద్ధం చెప్పాడని అతని మీద విసుక్కున్నాను. పెద్దమ్మ నవ్వింది. “ఏంది తమ్మీ, నీ అల్లుడు జంగ్లాతోని లెక్క నిలబడి అడుగుతుండు. లే అనకపోతే ఏమంటరు?” అన్నది. అడవి జవాన్లే కాదు, చొక్కా లోపలికి దోపి నిలబడి అడిగేవాడు ఎవడైనా అక్కడి మనుషులకు ఒకటేనని, అట్లాంటివాడికి ఏ జవాబు చెబితే తొందరగా పోతాడో ఆ జవాబు చెప్పడం వాళ్లకు తాతలనాడే అలవాటైందని తిరుగుదారిలో మామ వివరించాడు. “ఉందా, లేదా అని అడిగితే నీ జవాబు నువ్వే తీస్కపోయినట్టురా అల్లుడూ. ఆయన ఎంత ఎత్తున కూసుంటే గంత ఎత్తున కూసో. కూసోని, ఆయనకే తెలిసింది అడుగు.”

ఈ విద్య మీకెట్లా వచ్చిందంటే, మీ అత్తమ్మ దగ్గర నేర్చుకున్నానని నవ్వేవాడు. అది కొంత నిజమే. బయలుదేరే మనిషిని ఎక్కడికి అని అడిగితే పని చెడుతుందని మన ఇళ్లలో అనేవారు కదా. అత్తమ్మ ఎన్నడూ ఎక్కడికి అనేది కాదు. గడప దగ్గరికి వచ్చి “దూరమేనా?” అనేది, అంతే. మామ దూరమే అంటే సద్ది కట్టేది. కొంచెం దూరమే అంటే మజ్జిగ ఇచ్చేది. ఏమీ అనకుండా గొడుగు తీసుకుంటే, ఆయన మనసు బాగాలేదని కనిపెట్టి సాయంత్రానికి ఆయనకిష్టమైన పప్పుచారు కాచేది. ఎక్కడికి అంటే ఊరి పేరు ఒక్కటే తెలిసేది. ఆమె అడిగినదానికి మనిషి మొత్తం తెలిసేవాడు.

తిరిగి వచ్చేటప్పుడు మామ నన్ను అడిగే ప్రశ్న ఒకటుండేది. ఇన్ని ఇళ్లు తిరిగావు, ఇన్ని పలకలు పూశావు, అదంతా ఆయనకు అక్కరలేదు. “ఇయ్యాల నీకు సమజ్ కానిదేందిరా?” అనేవాడు. అని, ఇక మాట్లాడేవాడు కాదు. పక్కన ఎండుటాకుల మీద మా అడుగుల చప్పుడు, ఎక్కడో చెట్టు మీద వడ్రంగిపిట్ట, దూరాన గోదావరి ఉందని చెప్పే చల్లగాలి. ఆ నిశ్శబ్దం నాకు మోయలేని బరువుగా ఉండేది. అన్నీ సమజ్ అయినయ్ మామా అంటే, ఊ అనేవాడు. ఇంకా నిశ్శబ్దమే. ఒక వాగు దాటి, ఇంకో వాగు వచ్చేలోపు, ఆయన అడగకుండానే నా నోట్లోంచి ఏదో ఒకటి ఊడిపడేది: ఆ ఇంట్లో పిల్లవాడు నన్ను చూసి ఎందుకు దాక్కున్నాడో తెలియలేదని, గోలీలు తీసుకుని ఆమె ఎందుకు ఏడ్చిందో తెలియలేదని. అదేందో చూద్దాం తియ్, అనేవాడు. చెప్పేవాడు కాదు. ఆయనకే తెలియదు కాబోలునని నేను అనుకునేవాణ్ణి. అడగడం కంటే, అడిగాక ఊరుకోవడం కష్టమని, నా కింద మనుషులు చేరి నేను అడగవలసి వచ్చిన రోజున గాని నాకు తెలియలేదు. నోరు దురదపెడుతుంది. జవాబు మనమే అందించాలనిపిస్తుంది.

ఆఫీసులో మాత్రం మామకు ముచ్చట్లాయన అని పేరు. సాయంత్రం వరండాలో చేరినప్పుడు నా తోటివాళ్లు, “ఏం అల్లుడా, మీ మామ ఇయ్యాల ఏ ఊళ్లె మంచమెక్కిండు?” అనేవారు. “మందు బిళ్లలిస్తుండో, పిల్లలకు సంబంధాలు సూస్తుండో!” అని ఇంకొకడు అందుకునేవాడు. నేను నవ్వేవాణ్ణి. మొదట వాళ్లు నవ్వితే నవ్వేవాణ్ణి, తర్వాత వాళ్ల కంటే ముందు నవ్వేవాణ్ణి. ఇరవై ఏళ్లవాడికి తోటివాళ్ల వరండా కంటే పెద్ద లోకం ఏముంటుంది.

ఆ ఎండాకాలం ఒక కొత్త ఆఫీసరు వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు, తొందర మనిషి. వానలు పడేలోపు అన్ని గూడేలూ ఒక చుట్టు చుట్టిరావాలని ఆయనకు పైనుంచి ఒత్తిడి. ఒకనాడు నన్ను గదిలోకి పిలిచాడు. ఫ్యాను తిరుగుతోంది, బల్ల మీది కాగితాలు రెపరెపలాడుతున్నాయి, ఆయన కూర్చుని ఉన్నాడు, నేను నిలబడి ఉన్నాను. “మీ మామ ఒక్కో ఊళ్లో కూర్చుని ముచ్చట్లు పెట్టి టైం పాడు చేస్తాడట గదా?” అన్నాడు తల ఎత్తకుండానే.

“అవ్ సార్.”

“ఆ రూటు నీకిస్తే జల్దీ కవర్ చేస్తావు గదా?”

“అవ్ సార్.”

సరే వెళ్లు అన్నాడు. అంతే జరిగింది. ఎంత చిన్న పని. ఆ గూడెంలో అవ్ అన్న ఆ మొగుడి మీద విసుక్కున్నవాణ్ణి, అతను నిలబడ్డ చోటే నేనూ నిలబడి అతను అన్న మాటే నేనూ అన్నాను. కానీ నాకూ అతనికీ తేడా ఉంది, అది దాచకూడదు. అతను భయంతో అన్నాడు. నాకు భయంతో పాటు ఆశ కూడా ఉంది. ఆ రూటు నాదైతే ఉద్యోగం ఖాయమవుతుందని, వరండాలో నన్ను ఇక అల్లుడా అనకుండా పేరుతో పిలుస్తారని ఆశ. అడిగినవాడు తప్పుగా అడిగాడని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. తప్పుగా అడిగినదానికైనా సరైన జవాబు చెప్పవచ్చు. కాదు సార్ అని రెండు మాటలు.

వారం తిరగకుండా మామను భద్రాచలంలోని మందుల స్టోరుకు మార్చారు. రేకుల గది, మందు బస్తాలు, గాజుపలకల పెట్టెలు. ఆ గదిలో అడగడానికి ఒక మనిషి లేడు. మామ ఎవరినీ ఏమీ అడగలేదు. ఎందుకు మార్చారని అత్తమ్మ అడిగితే పైవాళ్ల ఇష్టమన్నాడు. మర్నాడు పొద్దున గొడుగు కొయ్యకు తగిలించే ఉంది. అత్తమ్మ అలవాటుగా గడప దగ్గరికి వచ్చి, దూరమేనా అనబోయి, స్టోరు వీధి చివరే కదా అని గుర్తొచ్చి, నోరు మూసుకుని లోపలికి పోయింది. ఆ ఇంట్లో ఆ మాట అట్లా ఆగిపోయింది. నేను చెప్పులేసుకుంటూ చూస్తూనే ఉన్నాను.

నేను రూటు జల్దీ కవర్ చేశాను. ఆఫీసరు మెచ్చుకున్నాడు. జ్వరం ఉందా అంటే లే, అందరూ మంచిగున్నరా అంటే అవ్. వానలు పట్టాక, పెద్దమ్మ గూడేనికి పోయి అట్లాగే అడిగి అట్లాగే వచ్చిన కొద్దిరోజులకే, ఆ గూడెమంతా మంచాన పడిందని కబురు వచ్చింది. జీపు పోయినంత దూరం పోయి, అక్కడినుంచి బురదలో నడిచి వెళ్లాం. పగటిపూట అంత నిశ్శబ్దంగా ఉన్న ఊరిని నేను అంతకుముందు చూడలేదు. కోళ్లు తిరుగుతున్నాయి, ఏ కప్పు మీదా పొగ లేదు. నాతో వచ్చినవాళ్లు మనుషుల్ని మోసుకుపోయి దవాఖానాకు చేర్చే పనిలో పడ్డారు. ఆ దేవుడి దయ, అందరూ బతికి ఊరు చేరారు. కానీ ఆ రోజు అది తెలియదు కదా. నేను పెద్దమ్మ ఇంటి ముందు ఆ నులక మంచం మీద కూలబడ్డాను. అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి. పక్కనే అరుగు మీద దుప్పటి కప్పుకుని పడుకున్న పెద్దమ్మకేసి చూసి, మామ మాట గుర్తొచ్చి, ఎవరి పొయ్యి ముట్టలే పెద్దమ్మా అన్నాను.

దుప్పట్లోంచి తల బయటపెట్టి నన్నొకసారి చూసింది. “ఇయ్యాల కూసున్నవా పిలగా? ముట్టినదేదో అడుగు, చెప్త,” అన్నది. అంత జ్వరంలోనూ నవ్వింది. దుప్పటి మీదికి లాక్కుంటూ, “మా తమ్ముణ్ణి ఎవరాపిండ్రు?” అన్నది.

ఎందుకు రాలేదని అడగలేదు. ఎవరాపారని అడిగింది. ఎందుకు అని ఉంటే సవాలక్ష చెప్పవచ్చు. ఎవరు అన్నదానికి ఒక్కటే జవాబు, అది ఆమె ఎదురుగా మంచం మీద కూర్చుని ఉంది. మోకాళ్ల నొప్పులు పెద్దమ్మా, నడవలేకపోతున్నాడు, అన్నాను. అయ్యో అన్నది.

ఆమెకు నయమయ్యాక మళ్లీ వెళ్లినప్పుడు, కొడుకుతో కొట్టించి, కణుపులు నున్నగా గీకించి, పొయ్యి పొగలో ఆరబెట్టిన వెదురుకర్ర ఒకటి నా చేతికిచ్చింది. తమ్ముడికియ్యి, మోకాళ్ల మీద బరువు తగ్గుతది, అన్నది. దారిలో వాగులో పారేద్దామనుకున్నాను. ఒకచోట ఆగి నీళ్లకేసి చూశాను కూడా. పారేయలేకపోయాను. సాయంత్రం స్టోరుకు పోయి మామ చేతిలో పెట్టి, మోకాళ్లకని పెద్దమ్మ కొడుకుతో గీకించి పంపింది అన్నాను.

మామ కర్రను చూశాడు. తన కాళ్లకేసి చూసుకున్నాడు. తర్వాత నాకేసి చూశాడు. మనుషుల నోట్లోంచి ఏదైనా రప్పించగలిగిన ఆ మనిషి ఎదుట, ఆయన ఎందుకురా అని ఒక్క మాట అంటే చాలు, అంతా కక్కేసేవాణ్ణి. ఆయన అనలేదు. “మంచిగ గీకిండు,” అన్నాడు. లేచి, కర్ర పట్టుకుని, కొంచెం కుంటుతూ బస్తాల మధ్య అటూ ఇటూ నడిచి, “ఎట్లుందిరా?” అన్నాడు. బాగుంది మామా, అన్నాను. ఆ సాయంత్రం ఆయన కర్ర పట్టుకునే ఇంటికి నడిచాడు. ఆ తర్వాత గడప దాటితే కర్ర లేకుండా ఎవరూ ఆయనను చూడలేదు. గోదావరి గట్టున, సంతలో, పెళ్లిళ్లలో, ఆఫీసులో, ఆ కర్ర. అడిగినవాళ్లకు మోకాళ్లని చెప్పేవాడు. నేనన్న అబద్ధాన్ని తన కాళ్లతో నడిచి నిజం చేశాడు.

స్టోరులో ఉన్నన్నాళ్లూ, సాయంత్రం నేను రూటు నుంచి వచ్చేసరికి, ఒక ఖాళీ డబ్బా నా ముందుకు తోసి, తానూ ఒక డబ్బా మీద కూర్చుని, ఇయ్యాల సమజ్ కానిదేందిరా అల్లుడూ అనేవాడు. ఇప్పుడు నేను చెప్పేవాణ్ణి. ఏ గూడెంలో ఎవరు నా కళ్లలోకి చూడలేదో, ఏ ఇంటి కుక్క ఎందుకు మొరగలేదో, అన్నీ. నాకు ఈ పనిలో ఏమైనా వచ్చిందంటే ఆ డబ్బా మీద వచ్చింది. ఇన్నేళ్లలో నా కింద చేరిన పిల్లలకు నేను చేసింది ఆ డబ్బా ముందుకు తోయడమే. ఊరు తిరిగి ఏడుస్తూ వచ్చిన పిల్లను ఎందుకేడుస్తున్నావు అనక, ఎవరింటి దగ్గర మొదలైందమ్మా అంటే చాలు, మిగతాది ఆ పిల్లే చెబుతుంది, ఏం చేయాలో కూడా తానే చెబుతుంది. దానికి వాళ్లు నాకు శాలువా కప్పారు.

మామ చివరి రోజుల్లో మంచాన ఉన్నప్పుడు పోయి పక్కన కూర్చున్నాను. చెప్పేయాలనే పోయాను. ఆయన గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది, అయినా అదే అడిగాడు, సమజ్ కానిదేందిరా అని. నేను ఆఫీసులో కొత్తగా వచ్చిన మందు గురించి ఏదో చెప్పాను. ఊ అన్నాడు. చాలాసేపు ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం నా కోసమేనని, ప్రతి సాయంత్రం ఆయన ఆ ప్రశ్న అడిగి అంతసేపు ఊరుకున్నది కూడా బహుశా అందుకేనని, తలుపు తీసి పెట్టి పక్కకు జరిగి నిలబడ్డాడని నాకు ఆ క్షణాన తెలుసు. తెలిసీ మందు గురించే మాట్లాడాను.

భద్రాచలంలో దిగి అత్తమ్మ ఇంటికి పోయేసరికి ఎండ ఇంకా ఉంది. ఆమెకు చూపు కొంచెం తగ్గింది గాని మాట పదును తగ్గలేదు. శాలువా చూసి, ఎవరికి పెండ్లిరా అన్నది. నేల మీద ఆమె ముందు కూర్చున్నాను, ఆమె ఎంత ఎత్తున ఉందో అంత ఎత్తున. చెప్పాను. ఆఫీసరు గదిలో అన్న రెండు అవ్‌లు, మంచం మీద అన్న అబద్ధం, వాగు ఒడ్డున ఆగిన సంగతి. అత్తమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ వింటోంది. ఏరడం ఆపలేదు.

“ఇంట్ల కర్ర మూలకేసి, పొద్దుగాల లేచి కప్పెక్కి పెంకులు సర్దేటోడు,” అన్నది చివరికి. “బయటికి పోతే కుంటుడు. ముసలితనాన షోకు ఎక్కువైంది ఈయనకని ఎన్నిసార్లు ఎక్కిరిచ్చిన్నో. ఒక్కనాడన్న చెప్పలే.” ఆమె గొంతులో కోపం నా మీదో, ఆయన మీదో, తాను ఎక్కిరించిన తన మీదో తెలియలేదు. చాట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి, తలుపు వెనక నుంచి ఆ వెదురుకర్ర తెచ్చి నా ముందు పెట్టింది. పట్టుకునే చోట నున్నగా నల్లబడి ఉంది. “ఇది నీదే. నీ కోసమే పట్టుకున్నడు ఇన్నొద్దులు. తీస్కపో,” అన్నది.

క్షమించాననలేదు, లేదనలేదు. నేనూ అడగలేదు. అది అడిగితే ఆమె చెప్పగలిగింది అవ్ ఒక్కటే కదా. చెప్పులేసుకుంటుంటే గడప దగ్గరికి వచ్చి, పాల్వంచ ఎంత దూరమో ఆమెకు తెలియనట్టు, “దూరమేనా?” అన్నది. దూరమే అత్తమ్మా, అన్నాను.

తిరుగు బస్సులో నా పక్క సీట్లో ఒక అమ్మాయి కూర్చుంది, మెడలో కార్డు, పొద్దున తరగతిలో చూసిన పిల్లల్లో ఒకతె కావచ్చు. చేతిలో ఫోను. ఇప్పుడు అడగవలసినవన్నీ ఆ ఫోనులోనే ఉంటాయి, జ్వరం ఉందా లేదా, గోలీలు అందాయా లేదా, వేలితో నొక్కితే చాలు. ఎవరు ఎక్కడున్నారో కూడా అదే చూపిస్తుంది, కాబట్టి గడప దగ్గరికి రావలసిన పని ఎవరికీ లేదు. వాళ్ల తప్పేమీ లేదు. ఈ పిల్లలు మాకంటే ఎక్కువ ఊళ్లు తిరుగుతున్నారు, జ్వరాలు కూడా తగ్గాయి, అది మంచికే. నులక మంచాలు పోయి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. ఒక ప్రశ్న అడిగి వాగు దాటేదాకా ఊరుకునే తీరిక మాత్రం ఏ ఊళ్లోనూ కనబడదు.

నేను కర్రను కాళ్ల మధ్య నిలబెట్టుకున్నాను. ఆ అమ్మాయి దాన్ని చూసి, జరిగి చోటిస్తూ, “మోకాళ్ల నొప్పులా సార్?” అన్నది, పాపం ఎంతో దయగా.

అవ్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. “కాదమ్మా,” అన్నాను.

ఓ, అని చిన్నగా నవ్వి మళ్లీ ఫోను చూసుకోసాగింది. బయట గోదావరి పోయింది, పొద్దు వాలుతున్న అడవి మొదలైంది, ఇప్పపూల వాసన వచ్చింది. మరెందుకు సార్ అని అడుగుతుందేమోనని పాల్వంచ వచ్చేదాకా ఎదురుచూశాను.